పువ్వు కనబడితేనే గేటు

మా ఇంట్లో ఆరు కప్పులకు అయిదు సాసర్లు. పసుపు పువ్వుల సెట్టు, అమ్మ సుల్తాన్ బజార్లో బేరమాడి కొన్నది. మొన్న వంటింటి అటక సర్దుతూ కోడలు జోడు లేని కప్పును పక్కకు తీసి పెట్టింది.

"దీని సాసరు పగిలిపోయిందా అత్తమ్మా? తీసేద్దామా దీన్ని?"

"పగల్లేదు. అమ్మమ్మ ఒకాయనకు ఇచ్చింది."

"ఉత్త సాసరా? కప్పు లేకుండానా?"

"ఆయనకు కప్పుతో పని లేదు" అన్నాను.

కోడలు నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఆ పూటంతా ఆ మనిషే కళ్ల ముందు తిరిగాడు. బ్లీచింగు మరకలు పడిన తువ్వాలు, మోకాళ్ల పైకి ఎగ్గట్టిన లుంగీ, ఏళ్ల తరబడి మందునీళ్లు తగిలి తుప్పు రంగుకు తిరిగిన మీసం. అందరూ ఆయన్ని ఫిల్టరన్న అనేవారు. అసలు పేరేమిటో నేను ఏనాడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

తొంభైల్లో మేము చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్లం. మా ప్రార్థన మందిరం అశోక్ నగర్లో ఒక మేడ మీది హాలు. కుర్చీలు, బెంచీలు వేస్తే నిలబడే చోటు ఉండేది కాదు. అలాంటి చోట బాప్తిస్మపు తొట్టి ఎక్కడ కట్టగలం? మా సంఘంలో నీళ్లు చల్లితే చాలదు, మనిషి పూర్తిగా మునగాలి. అందుకని నారాయణగూడ వైపు సందులో ఉన్న ఈతకొలనును ఏడాదికి కొన్ని ఆదివారాల మధ్యాహ్నాలు అడిగి తీసుకునేవాళ్లం. బాప్తిస్మం తీసుకునే స్త్రీలకు దుప్పట్లు అడ్డం పట్టి, పొడి బట్టలు అందించే పని నాది. ఆ పని మీద వెళ్లీ వెళ్లీ ఫిల్టరన్న పరిచయమయ్యాడు.

కొలను పక్కనే రేకుల గది. అందులో మనిషి ఎత్తున నల్లటి ఇనప పీపా, దాని నిండా ఇసుక. మోటరు కొలను నీటిని లాగి ఆ ఇసుక మీద పోస్తుంది. మురికి ఇసుకలో నిలిచిపోతుంది, తేట నీళ్లు తిరిగి కొలనులోకి వెళతాయి. పీపా నెత్తిన గడియారం లాంటి బిళ్ల, అందులో ఒక ముల్లు. మురికి పేరుకున్న కొద్దీ ముల్లు పైకి జరుగుతుంది. ఫిల్టరన్న ఆ పీపాను బర్రె అనేవాడు.

"బర్రె కడుపు ఉబ్బింది" అంటూ లేచి వాల్వు తిప్పేవాడు. అప్పుడు నీళ్లు కింది నుంచి పైకి తిరగబడేవి. ఇసుక లేచి కుతకుత ఉడికినట్టయి, పట్టుకున్న మురికినంతా బయటి మురుగు మోరీలోకి కక్కేది. దాన్ని ఆయన ఉల్టా కొట్టుడు అనేవాడు. మోరీలో పడే నీళ్లు మొదట టీ రంగులో, తరువాత మజ్జిగ తేట రంగులో, చివరకు ఏ రంగూ లేకుండా వచ్చేదాకా అక్కడే గొంతుక్కూర్చుని బీడీ తాగేవాడు. మధ్యలో ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. ఈత నేర్పే కోచ్ పిలిస్తే అసలే పలికేవాడు కాదు. వాళ్లిద్దరికీ పడేది కాదు. ఒకసారి ఫిల్టరన్న చెయ్యి జారి బ్లీచింగు పొడి ఎక్కువ పడి, కోచ్ గారి కొత్త ఎర్ర చెడ్డీ గులాబీ రంగుకు తిరిగిందట. ఆ సంగతి ఫిల్టరన్నే సంబరంగా చెప్పేవాడు, తప్పు తనదైనా.

నీళ్లు పీపాలోకి వెళ్లే ముందు ఒక జాలీ బుట్ట గుండా పోయేవి. వెంట్రుకలు, పిన్నులు అందులో చిక్కుకునేవి. విలువైనవని తోచినవన్నీ గది గోడకు మేకులు కొట్టి తగిలించేవాడు, పోగొట్టుకున్నవాళ్లు వచ్చి తీసుకోవడానికి. ఒక మేకుకు తాయెత్తు, ఒక మేకుకు జంధ్యం, ఒక మేకుకు చిన్న శిలువ ఉన్న గొలుసు, మరో దానికి హనుమంతుడి బిళ్ల. మొదటిసారి చూసినప్పుడు చూపు తిప్పుకున్నాను. శిలువను ఆ వరసలో చూడలేకపోయాను.

"ఇది మా వాళ్లదే అయి ఉంటుందన్నా, నేను తీసుకుపోతా" అన్నాను.

"ఎవరిదో పేరు సెప్పు, ఇస్త."

"తెలియదు."

"మరెట్లిస్త? ఉండనియ్యక్కా. నా బర్రె కాడ అందరు దేవుళ్లు కలిసే ఉన్నరు. ఇప్పటిదాంక లొల్లయితే కాలె."

ఆయనతో వాదించాలని నోటి దాకా వచ్చింది. కాని అప్పటికే ముల్లు వైపు తిరిగిపోయాడు.

ఆయనకొక ఆచారం ఉండేది. పొద్దున గేటు తీసే ముందు ఒక సాసరును కొలనులోకి వదిలేవాడు. ఏదో ఇరానీ హోటలు నుంచి చేతికొచ్చింది. తెల్లటిది, మధ్యలో నీలం పువ్వు, అంచున చిన్న పెచ్చు ఊడింది. అది ఆకులాగ అటూ ఇటూ ఊగుతూ దిగి లోతు వైపు అడుగున కూర్చునేది. బోర్లా పడితే జాలీ కర్రతో పైకి తీసి మళ్లీ వదిలేవాడు. గట్టు మీద నిలబడి చూస్తే పువ్వు కనబడాలి. కనబడితేనే గేటు. వేసవి సెలవుల్లో పిల్లలు గేటు ఊచలు పట్టుకుని వేలాడుతూ అరిచేవారట.

"అన్నా, పువ్వు కనవడ్డదా?"

"ఇంక మొగ్గనే ఉందిరా. జర ఆగున్రి."

నీళ్లు తేటపడ్డాక "పూసింది, రాన్రి" అనేవాడు. మా ఆదివారాల్లో కూడా అంతే. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, సంఘమంతటితో పాటలు పాడుతూ వచ్చినా సరే, పువ్వు పూసేదాకా బయటే నిలబడాలి. అయ్యగారు గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఫిల్టరన్న ఆయన్ని ఊరికే కదిలించేవాడు.

"అయ్యగారూ, మీరు మనుషుల్ని ఒక్కపారి ముంచి ఇడుస్తరు. నా ఇసుకనైతే దినాం ఉల్టా కొట్టినా సాలదు. మీ మనుషులు నా ఇసుక కంటె మంచోళ్లున్నట్టున్నరు."

అయ్యగారు నవ్వేవారు. "అందుకేనయ్యా మేము ప్రతి ఆదివారం కూడుకునేది. అది మా ఉల్టా కొట్టుడు."

"గట్లనా!" అని ఫిల్టరన్న నిజంగానే ఆలోచనలో పడేవాడు.

ఇక అమ్మ సంగతి. అమ్మ మాతోనే ఉండేది. మందిరానికి నాకంటే ముందు తయారయ్యేది. పాటలన్నీ కంఠతా వచ్చు. వాక్యం చదివితే పెదవులు కదిపేది. కాని బాప్తిస్మం తీసుకోలేదు. మా సంఘంలో బాప్తిస్మం పొందనివారికి ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసాల్లో, పాలు ఉండదు. నెలకోసారి రొట్టె పళ్లెం బెంచీ వెంబడి చేతులు మారుతూ వచ్చేది. నేను తీసుకుని అమ్మ ముందు నుంచి అవతలి మనిషికి అందించేదాన్ని. అమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని తల దించుకునేది. ఎవరైనా అడిగితే "ఇంక సిద్ధపడలె" అనేది.

అసలు కారణం నాకొక్కదానికే తెలుసు. అమ్మ చెల్లెలు, నేను చూడని చిన్నమ్మ, చిన్నతనంలో నాచు పట్టిన దిగుడు బావిలో జారిపోయింది. అమ్మ మెట్ల మీదే ఉంది. పచ్చటి నీళ్లు మూసుకుపోయాయి. మగవాళ్లు దిగి తడుముతూనే ఉన్నారు, ఎక్కడుందో కనబడదు. అప్పటి నుంచి అడుగు కనబడని నీళ్లలో అమ్మ కాలు పెట్టదు. బకెట్లో నీళ్లు మురికిగా ఉన్నా చెయ్యి పెట్టడానికి జంకేది.

బాప్తిస్మాలు చూడటానికి మాత్రం ప్రతిసారీ వచ్చేది. అందరికంటే వెనక నిలబడి, అన్నీ అయ్యాక ఒక్కతే గట్టు దగ్గరకు వెళ్లి నీళ్లలోకి చూసేది. ఫిల్టరన్న అది కనిపెట్టాడు.

"అమ్మా, గా పువ్వు జూసినవా?"

"సూసిన తమ్మీ. నీలం పువ్వు."

"మరింకేంది? దిగు."

"సూద్దాం తియ్యి."

వాళ్లిద్దరి మధ్య ఆ రెండు మాటలే, ప్రతిసారీ. నేను ఎన్నాళ్లు ప్రార్థించినా, అయ్యగారు ఎంత నచ్చజెప్పినా కదలని మనిషి, ఒక వేసవిలో తనంతట తాను పేరిచ్చింది. "ఆ నీళ్లల్ల అడుగు కనవడ్తది బిడ్డా. దిగుత" అంది.

ఆ ఏడు పేర్లిచ్చినవాళ్లు చాలామంది. బాప్తిస్మానికి తెల్లబట్టలు కట్టుకోవాలి. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, ప్రభువు సన్నిధికి నలిగిన బట్టతో వెళతామా? సుల్తాన్ బజార్లో కొత్త నూలు చీరలు కొని, ముందు రోజే ఉతికి, నీలిమందు వేసి, చిక్కటి గంజి పెట్టి, గరగరలాడేలా ఇస్త్రీ చేసి కట్టుకొచ్చారు. మగవాళ్ల లాల్చీలు అట్టముక్కల్లా నిలబడ్డాయి. మా అమ్మ చీరకు గంజి పెట్టింది నేనే. ఎంత పవిత్రంగా ఉందో అని అందరం మురిసిపోయాం.

అమ్మ అందరి చివర దిగుతానంది. మొదట దిగినవాళ్లు బాగానే దిగారు. ఒకరి తరువాత ఒకరు, లోతు తక్కువ ఉన్న ఆ మూలలోనే. చూస్తూ ఉండగానే నీళ్లు పల్చటి పాలలా అయ్యాయి, తరువాత చిక్కటి పాలలా అయ్యాయి. రేకుల గదిలో మోటరు మూలగడం మొదలుపెట్టింది. ఫిల్టరన్న తువ్వాలు విదిలిస్తూ బయటికొచ్చి, నీళ్లలోకి చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏందిది! బట్టలకు గంజి పెట్టుకొని దిగిన్రా? నా బర్రెకు కుడితి తాపుతున్రా మీరు?"

పాట ఆగిపోయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పటికి మిగిలింది అమ్మ ఒక్కతే. మెట్టు మీద నిలబడి ఉంది. మొదటి మెట్టు కనబడుతోంది. రెండో మెట్టు లేదు.

అయ్యగారు నడుం లోతు నీళ్లలో నిలబడి చెయ్యి చాచారు. అమ్మ పాదం కిందికి సాగి మళ్లీ వెనక్కి వచ్చింది. నేను దగ్గరకు వెళ్లి చెవిలో చెప్పాను.

"అమ్మా, దిగు. ప్రభువు ఉన్నాడు."

"ప్రభువు ఉన్నడు బిడ్డా. అడుగు లేదు."

పాట మళ్లీ అందుకున్నారు, ఈసారి గట్టిగా. ఇద్దరు ఆడవాళ్లు వచ్చి అమ్మ మోచేతులు పట్టుకున్నారు. మంచి మనసుతోనే. "విశ్వాసముంచండి అమ్మగారూ, ఒక్క అడుగు" అంటున్నారు. అమ్మ పాదం మొదటి మెట్టు మీంచి కదలడం లేదు. ఆ రోజు వెనక్కి తిరిగితే ఇక జన్మలో నీళ్ల దగ్గరకు రాదని నాకు తెలుసు. రొట్టె పళ్లెం ఆమె ముందు నుంచి దాటిపోతూనే ఉంటుంది.

"ఇడువున్రి ఆమెను" అన్నాడు ఫిల్టరన్న. గొంతు పెద్దది చెయ్యలేదు గాని చేతులు వదిలేశారు. ఆయన వచ్చి అమ్మ పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"ఏందమ్మా, కనవడ్తలేదా?"

"కనవడ్తలేదు తమ్మీ."

"నాగ్గూడ కనవడ్తలేదు." అయ్యగారి వైపు తిరిగాడు. "అయ్యగారూ, పువ్వు కనవడకుంటే నేనెవర్నీ దింప. అందరికీ ఒకటే కానూన్. రేపు సోమారం, పూల్ బంద్. రేపు మాపటికి తీస్కరాన్రి."

"రేపు సంఘం రాదయ్యా, అందరికీ ఉద్యోగాలు. ఇది సంఘం ఎదుట జరగవలసిన పని. ఎవరూ చూడకుండా చాటున ఇచ్చేది కాదు."

"నేనుంట గద. నేను జూస్త."

అయ్యగారు పాల రంగు నీళ్లలోకి చూశారు. తడి బట్టలతో నీళ్లలోనే నిలబడి ఉన్నారు. తరువాత అమ్మ ముఖం చూశారు.

"రేపు వస్తాం" అన్నారు.

మర్నాడు సాయంత్రం ముగ్గురమే వెళ్లాం, అయ్యగారు, అమ్మ, నేను. రేకుల గది తలుపు బార్లా తీసి ఉంది. పీపా మూత ఊడదీసి ఉంది. ఫిల్టరన్న ఒళ్లంతా ఇసుక. పటిక కలిపి మోటరు ఆపి నీళ్లను కదలకుండా పండబెట్టాడట. కిందికి దిగిన మడ్డినంతా గొట్టంతో మెల్లగా లాగి మోరీలో వదిలాడు. ఎన్నిసార్లు ఉల్టా కొట్టినా బర్రె ఊపిరి తీసుకోకపోతే మూత తీసి చూశాడు. ఇసుక పైన గంజి గట్టిపడి ఉంది. ఆ పెచ్చు ఒకటి దాచిపెట్టి అయ్యగారికి చూపించాడు, అప్పడమంత ఉంది.

"మీ వాళ్ల పాపాల సంగతి నాకెరుక లేదు అయ్యగారూ. గంజైతే ఇగో."

అమ్మ ఫక్కున నవ్వింది. ఆ రెండు రోజుల్లో అమ్మ నవ్వడం అదే మొదలు.

ఆమె కట్టుకున్నది ఆ చీరే. రాత్రే జాడించి, ఉత్తగా ఆరేశాను, నలిగి ముడతలు పడి ఉంది. ఫిల్టరన్న సాసరు తెచ్చి లోతు వైపు కాదు, అమ్మ నిలబడవలసిన చోటనే వదిలాడు. అది ఊగుతూ దిగి కూర్చుంది. కొలనులో ఎండ ఏటవాలుగా పడుతోంది.

"పువ్వు కనవడ్తుందా అమ్మా?"

అమ్మ వంగి చూసింది.

"కనవడ్తుంది."

"ఉత్తగ సెప్పుడు కాదు. ఏం కనవడ్తుందో సెప్పు."

"నీలం పువ్వు. అంచుకు పెచ్చు ఊడింది."

"ఇగ నాతోటి పని లేదు, దిగు" అన్నాడు.

అమ్మ దిగింది. ఒక్కో మెట్టూ కళ్లతో చూసి, పాదంతో తాకి దిగింది. అయ్యగారు పలకవలసిన మాటలు పలికారు. పాట లేదు, తబలా లేదు. నీళ్లు మూసుకున్నాయి, తెరుచుకున్నాయి. అమ్మ పైకి లేచి, జుట్టులోంచి నీళ్లు కారుతుండగా, వెనక్కి తిరిగి ముందు కిందికి చూసింది. తన కాళ్లు తనకు కనబడుతున్నాయి. నేను దుప్పటి పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాను. ఫిల్టరన్న గట్టు మీద నిలబడి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. ఎవరు చెప్పారో ఆయనకు.

తరువాత జాలీ కర్రతో సాసరు పైకి తీస్తుంటే అది గట్టు పక్క ఇనప నిచ్చెనకు కొట్టుకుంది. రెండు ముక్కలైంది. అమ్మ అయ్యో అంది.

"పోనియ్యమ్మా. చాన పని జేసింది."

మర్నాడు పొద్దున్నే అమ్మ నడిచి వెళ్లి పసుపు పువ్వు సాసరు ఇచ్చి వచ్చింది. "సెట్టు చెడగొట్టావు కదమ్మా" అంటే, "మన సెట్టేం సెడలె" అంది. ఆ నెల రొట్టె పళ్లెం నా చేతి నుంచి అమ్మ చేతికి వెళ్లింది. ఆమె వెంటనే తీసుకోలేదు. పళ్లెంలోకి కాసేపు చూసింది, నీళ్లలోకి చూసినట్టే. తరువాత తీసుకుంది. అప్పటి నుంచి బాప్తిస్మపు ప్రకటనలో అయ్యగారు ఒక మాట చేర్చారు: తెల్లబట్టలకు గంజి పెట్టరాదు. కొత్తవాళ్లు అదేదో గూఢమైన ఉపదేశమనుకునేవారు.

ఆ దశాబ్దం చివర్లో ఫిల్టరన్నకు దగ్గు పట్టుకుంది. బ్లీచింగు ఘాటని కొందరు, బీడీలని కొందరు అన్నారు. ఒక పొద్దున పోయాడని కొలను దగ్గర తెలిసింది. అమ్మ, నేను, మా సంఘపు పెద్దమ్మ ఒకావిడ కలిసి వెళ్లాం. అశోక్ నగర్ వెనక, నాలా పక్క బస్తీలో ఒక గది ఇల్లు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వాళ్లవాళ్లు అప్పుడప్పుడే దిగుతున్నారు. వాకిట్లో పడుకోబెట్టారు. తలాపున దీపం పెట్టారు.

దీపం పెట్టింది ప్రమిదలో కాదు. పసుపు పువ్వు సాసరులో.

కొలను దగ్గరికి వచ్చే మందిరం వాళ్లమని చెప్పగానే ఆయన భార్య అమ్మను చూసి మళ్లీ ఏడ్చింది. "గిది నీదేనంట గద అక్కా. ప్రమిద దేవులాడితె దొరకలె, గిదే వెట్టిన. పని కాడికెళ్లి తెచ్చుకొని దగ్గర వెట్టుకున్నడు. అయిపోయినంక తీస్కపోతవా?"

"వద్దు చెల్లె. గది ఆయనదే."

మేము అలాంటి దీపాల దగ్గర కూర్చునేవాళ్లం కాదు. అది మాకు నేర్పిన క్రమం, దాన్ని నేను ఇవాళ్టికీ తప్పు పట్టను. పెద్దమ్మ వాకిలి బయటే నిలబడింది. అమ్మ మాత్రం వెళ్లి తలాపున చాప మీద కూర్చుంది. నేను ఇద్దరి మధ్య నిలబడిపోయాను. కాసేపటికి పెద్దమ్మ లోపలికి వంగి, మెల్లగా, నిజమైన బాధతోనే అంది.

"పాపం, ఎంత మంచి మనిషి. మన సంఘంలోకి రాకుండానే పోయాడు."

అమ్మ తలెత్తలేదు.

"నేను మునిగిననాడు గట్టు మీద నిలవడ్డ సంఘం ఈయనే" అంది.

ఆయన్ని ఎక్కడ ఉంచాలో ప్రభువుకు తెలుసు. నేను ఆ లెక్కలోకి పోను, ప్రార్థనలో మాత్రం ఆయన్ని తలుచుకుంటాను.

నాలా వైపు నుంచి గాలి వచ్చింది. ఒత్తి వాలిపోయింది. చుట్టూ ఎవరి ఏడుపులో వాళ్లున్నారు. అమ్మ కుడిచెయ్యి చాచి అరచెయ్యి అడ్డం పెట్టింది. మంట నిలబడింది. ఆయన్ని ఎత్తేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

నేను చెప్పులు విడిచి వెళ్లి అమ్మ పక్కన కూర్చున్నాను. సాసరులో నూనె తేటగా ఉంది. అడుగున పువ్వు కనబడుతోంది.